బీబీఎస్ నెట్‌వర్క్‌కీ ఇంటర్నెట్‌కీ మధ్య ఈమెయిల్ గేట్‌వే: తెరిచేముందు చూసుకోవాల్సినవి

మీరు అడిగింది ఇదీ. ముప్పై దాకా నోడ్లున్న (నోడ్ అంటే నెట్‌వర్క్‌లోని ఒక్కో మెషీన్) చిన్న బీబీఎస్ నెట్‌వర్క్, అంటే మోడెమ్ కాలంనాటి బులెటిన్ బోర్డుల గుంపు, ఫిడోనెట్ పద్ధతిలో నడుస్తోంది. సభ్యులకు ఇంటర్నెట్ ఈమెయిల్ కూడా అందాలని గేట్‌వే పెడుతున్నారు. నెట్‌మెయిల్‌ను, అంటే ఆ నెట్‌వర్క్‌లో ఒకరికొకరు రాసుకునే ఉత్తరాలను, ఈమెయిల్‌గా, ఈమెయిల్‌ను నెట్‌మెయిల్‌గా మార్చే స్క్రిప్ట్ రాసుకున్నారు, అది చాలావరకు బాగానే పనిచేస్తోంది, జవాబులు మాత్రం రావడం లేదు. అందరికీ తెరిచేముందు ఇంకేం చూసుకోవాలి అన్నది మీ ప్రశ్న.

నేను చాలా ఏళ్లు ఇలాంటి గేట్‌వే నడిపాను. మార్పిడి స్క్రిప్ట్ రాయడానికి నాకు రెండు వారాంతాలు పట్టింది. దాని చుట్టూ ఉండే మిగతా పనంతా కుదుటపడటానికి రెండేళ్లు పట్టింది. ఆ రెండేళ్లలో నేర్చుకున్నది ఒక్క ముక్కలో చెప్పమంటే, అందించలేని ఉత్తరాన్ని చేతిలోకి తీసుకోకండి అంటాను. కింద రాసిన వివరాలన్నీ దాని చుట్టూ తిరిగేవే.

ఎస్ఎమ్‌టీపీలో, అంటే సర్వర్లు ఈమెయిల్ ఇచ్చిపుచ్చుకునే పద్ధతిలో, అవతలి సర్వర్ ఉత్తరం మొత్తం ఇచ్చాక మీ సర్వర్ తీసుకున్నానంటూ 250 అని జవాబిస్తుంది. ఆ అంకె అందగానే అవతలి సర్వర్ తన దగ్గరున్న కాపీని తీసేస్తుంది. అక్కడినుంచి ఆ ఉత్తరానికి బాధ్యులు మీరే. చేరాల్సినవాళ్లకు చేర్చాలి, కుదరకపోతే చేరలేదని పంపినవాళ్లకు చెప్పాలి. ఫిడో వైపు తీరు వేరు. 1984లో టామ్ జెన్నింగ్స్ ఫిడోనెట్ మొదలుపెట్టినప్పుడు, రాత్రిపూట ఒక మోడెమ్ ఇంకో మోడెమ్‌కు ఫోన్ చేసి ఉత్తరాలు దాటించేది. నోడ్ నుంచి హబ్‌కు (మిగతా నోడ్ల ఉత్తరాలు దాటించే నోడ్), హబ్ నుంచి ఇంకో హబ్‌కు, అక్కడినుంచి చివరి నోడ్‌కు. మధ్యలో ఎక్కడైనా ఆగిపోతే ఆ సంగతి మొదట పంపినవాళ్లకు తప్పకుండా చెప్పే ఏర్పాటు లేదు. ఇప్పుడు మోడెమ్ బదులు ఇంటర్నెట్‌లో 24554 పోర్టు మీద బింక్‌పి అనే పద్ధతి వాడుతున్నా ఆ స్వభావం అలాగే ఉంది. ఒక సిసాప్, అంటే బీబీఎస్ నడిపే మనిషి, తన మెషీన్ పది రోజులు ఆపేస్తే, ఆ నోడ్‌కు వెళ్లాల్సిన ప్యాకెట్ (ఉత్తరాల కట్ట) హబ్ దగ్గర చడీచప్పుడు లేకుండా పది రోజులు కూర్చుంటుంది. ఒకవైపు ప్రతి ఉత్తరానికీ లెక్క చెప్పాల్సిన వ్యవస్థ, ఇంకోవైపు లెక్క అడగని వ్యవస్థ. మధ్యలో మీరు.

ముందు అడ్రసుల సంగతి. ఫిడోనెట్‌లో పాత పద్ధతి మీకు తెలిసే ఉంటుంది. జోన్ 90, నెట్ 1, నోడ్ 5లో రవి కుమార్ ఉంటే అతని ఈమెయిల్ రవి.కుమార్@ఎఫ్5.ఎన్1.జెడ్90.మీడొమైన్ అవుతుంది. నోడ్ కింద పాయింట్ 3లో (నోడ్ మీద ఆధారపడే సభ్యుడి మెషీన్‌ను పాయింట్ అంటారు) ఉంటే ముందు పి3 చేరుతుంది. ఫిడోనెట్.ఆర్గ్ కింద ఏళ్ల తరబడి ఇలాగే నడిచింది. చూడటానికి ముచ్చటగా ఉంటుంది, పట్టిక అవసరం లేకుండా అడ్రసు నుంచే నోడ్ నంబరు తెలిసిపోతుంది. నేనూ ఇలాగే మొదలుపెట్టాను. మీకు మాత్రం వద్దనే చెబుతాను.

మొదటి కారణం డీఎన్ఎస్, అంటే ఇంటర్నెట్ పేర్ల చిట్టా. అన్ని నోడ్లకూ కలిపి డొమైన్ మీద ఒక వైల్డ్‌కార్డ్ ఎమ్ఎక్స్ రికార్డు (ఏ పేరుకు వచ్చిన మెయిల్ అయినా ఈ సర్వర్‌కే ఇవ్వమని చెప్పేది) పెడతాం, అంతా పనిచేస్తుంది. కొన్నాళ్లకు ఒక సిసాప్ వచ్చి, బింక్‌పి కోసం నా నోడ్ పేరు మీద ఒక ఎ రికార్డు (ఆ పేరుకు ఐపీ అడ్రసు చెప్పేది) పెట్టండి అంటాడు. నేను పెట్టాను. ఆ సాయంత్రం నుంచి ఆ నోడ్‌కే కాదు, ఆ జోన్ మొత్తానికీ మెయిల్ ఆగిపోయింది. వైల్డ్‌కార్డ్ అసలు లేని పేర్లకే వర్తిస్తుంది. ఎఫ్5.ఎన్1.జెడ్90 అనే పేరుకు రికార్డు పెట్టిన క్షణం నుంచి, దాని పైనున్న ఎన్1.జెడ్90, జెడ్90 అనే పేర్లు కూడా ఉన్నట్టే లెక్క, వాటికి సొంత రికార్డులు ఏమీ లేకపోయినా. దాంతో వాటి కిందికి వచ్చే ఎఫ్6, ఎఫ్7 లాంటి పేర్లన్నిటికీ పైనున్న వైల్డ్‌కార్డ్ అందదు, అలాంటి పేరే లేదని జవాబు వస్తుంది. ఎఫ్5కేమో ఎమ్ఎక్స్ లేదు గనక మెయిల్ నేరుగా ఆ ఎ రికార్డులో ఉన్న ఇంటి మెషీన్ తలుపు తడుతుంది, అక్కడ 25వ పోర్టులో వినే ప్రోగ్రామేదీ ఉండదు. ఇది తప్పు కాదు, డీఎన్ఎస్ నియమమే. 2006లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 4592 అనే ఇంటర్నెట్ ప్రమాణ పత్రంలో ఈ సంగతంతా విడమరిచి ఉంది. నేను మూడు రోజులు తల బద్దలుకొట్టుకున్నాక అది చదివాను.

రెండో కారణం ఇంకా పెద్దది. అడ్రసు చూస్తే నోడ్ తెలుస్తుంది గానీ, ఆ నోడ్‌లో ఆ పేరుతో మనిషి ఉన్నాడో లేడో గేట్‌వేకు తెలియదు. ఏ పేరు రాసి పంపినా తీసుకోవాల్సి వస్తుంది. స్పామర్లు పేర్ల జాబితా పట్టుకుని ప్రతి నోడ్‌కూ వరసగా పంపుతారు. అన్నిటికీ మీరు 250 అంటారు, అవన్నీ ప్యాకెట్లయి సిసాప్‌ల మీద పడతాయి, సగం పేర్లు ఉండవు. అప్పుడు వాటిని ఏం చేయాలో ఎవరికీ పాలుపోదు.

అందుకే నా సలహా: ఒకే డొమైన్, దాని కింద పేర్ల పట్టిక. ఆ పట్టికలోకి రావాలంటే సభ్యుడే ముందు అడుగు వేయాలి. తన బీబీఎస్ నుంచి గేట్‌వే రోబోకు ఒక నెట్‌మెయిల్ పంపాలి. రోబో ఒక కోడ్ పంపుతుంది, సభ్యుడు దాన్ని తిరిగి పంపితే అతనికి ఒక ఈమెయిల్ పేరు ఖాయమవుతుంది. అతని నోడ్ నంబరు మారితే పట్టికలో ఒక్క గడి మారుస్తాం, బయటివాళ్ల దగ్గరున్న అడ్రసు అలాగే ఉంటుంది. పట్టికలో లేని పేరుకు ఉత్తరం వస్తే, ఎస్ఎమ్‌టీపీలో గ్రహీత పేరు చెప్పే మెట్టులోనే, ఉత్తరం లోపలి భాగం తీసుకోకముందే 550, అంటే తీసుకోనని, చెప్పేయండి. ఆ ఉత్తరం అవతలి సర్వర్ బాధ్యతగానే ఉండిపోతుంది. నిజమైన మనిషి పంపి ఉంటే వాళ్ల సర్వరే వాళ్లకు చెబుతుంది. స్పామ్ అయితే అక్కడే ఆగిపోతుంది. ఈ ఒక్క మార్పుతో నా తలనొప్పులు సగానికి సగం తగ్గాయి.

రోబో పేర్లను ఈ పట్టికలోకి ఎప్పుడూ రానివ్వకండి. ఏ చర్చలు, ఏ ఫైళ్లు తమకు రావాలో సిసాప్‌లు చెప్పుకునే రోబోలైన ఏరియాఫిక్స్, ఫైల్‌ఫిక్స్ లాంటివాటికి వెళ్లే నెట్‌మెయిల్‌లో సబ్జెక్ట్ లైనే పాస్‌వర్డ్. అందరికీ తెరిచిన గేట్‌వేలో బయటివాళ్లెవరైనా ఆ పేరుకు ఈమెయిల్ రాస్తూ పాస్‌వర్డ్లు ఊహిస్తూ కూర్చోవచ్చు. అలాగే నెట్‌మెయిల్‌లో ఫైల్ అటాచ్ గుర్తు ఉంటే సబ్జెక్ట్ లైన్‌ను ఫైల్ పేరుగా చదువుతారు. కాబట్టి ఇంటర్నెట్ నుంచి వచ్చిన దేనికైనా ప్రైవేట్ గుర్తు తప్ప ఇంకే గుర్తూ పెట్టకండి. బయటికి వెళ్లేటప్పుడు ఫైల్ అటాచ్, ఫైల్ రిక్వెస్ట్ గుర్తులున్నవాటిని అసలు మార్చకుండా ఆపేయండి.

తలుపు దగ్గరే తేల్చాల్సినవి ఇంకా ఉన్నాయి. సైజు ఒకటి. మీ నెట్‌వర్క్‌లోని పాత టాసర్లు (ప్యాకెట్లు విప్పి ఉత్తరాలు పంచే ప్రోగ్రాములు) ఎంతవరకు మోయగలవో కనుక్కుని, ఆ హద్దును ఎస్ఎమ్‌టీపీలో సైజ్ ఎక్స్‌టెన్షన్‌తో ముందే ప్రకటించండి. అటాచ్‌మెంట్లు తీసేస్తారు గనక ఈమెయిల్ హద్దు కాస్త పెద్దగా, తీసేశాక మిగిలే అక్షరాల హద్దు చిన్నగా ఉండొచ్చు. రెండోది కూడా 250 చెప్పకముందే లెక్కగట్టండి. స్పామ్ పరీక్ష కూడా ఆ సమయంలోనే జరగాలి. తీసుకున్నాక స్పామ్ అని తేలితే మీకు మంచి దారి ఉండదు. వెనక్కి పంపితే, పంపినవాళ్ల అడ్రసు దొంగది కావొచ్చు, సంబంధం లేని మనిషి మీద బౌన్సులు (చేరలేదని చెప్పే ఉత్తరాలు) కురుస్తాయి. పారేస్తే, పొరపాటున పట్టుబడిన మంచి ఉత్తరం చెప్పాపెట్టకుండా మాయమవుతుంది.

ఫిడో వైపు ఏదైనా చెడిపోయినప్పుడు చాలామంది చేసే తప్పు ఒకటి చెబుతాను. డిస్క్ నిండింది, టాసర్ ఆగిపోయింది, హబ్ లింకు పోయింది. అయినా ఎస్ఎమ్‌టీపీ సర్వర్ మాత్రం లోపలికి రమ్మంటూనే ఉంటుంది, ఉత్తరాలు ఒక ఫోల్డర్లో పేరుకుంటాయి. అలా చేయకండి. ఇప్పుడు కుదరదు, తర్వాత రండి అనే 451 చెప్పండి, లేదా సర్వర్‌నే ఆపేయండి. పద్ధతిగా నడిచే మెయిల్ సర్వర్ ఒక ఉత్తరం కోసం నాలుగైదు రోజులు మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తుంది, ఎస్ఎమ్‌టీపీ ప్రమాణం చెప్పేది కూడా అదే. వాళ్ల క్యూ మీ ఫోల్డర్ కన్నా భద్రమైనది. అక్కడ ఆగితే పంపినవాళ్లకు ఎప్పటికైనా కబురు అందుతుంది. నేను ఈ మార్పు చేశాక ఆదివారం రాత్రి మెషీన్ పడిపోయినా టెన్షన్ లేకుండా సోమవారం సాయంత్రం చూసుకునేవాణ్ని.

ఇంత చేసినా, తీసుకున్నాక చేర్చలేని ఉత్తరాలు కొన్ని ఉంటాయి. వాటి విషయంలో నా నియమం ఇది. ఉత్తరం తీసుకునేటప్పుడే ఎస్‌పీఎఫ్, డీకిమ్ పరీక్షల (ఉత్తరం నిజంగా ఆ డొమైన్ నుంచే వచ్చిందా అని చూసేవి) ఫలితం రాసి పెట్టుకుంటాను. పంపినవాళ్ల డొమైన్ నిజమైనదేనని తేలితేనే బౌన్స్ వెళ్తుంది. తేలకపోతే అది నా దగ్గరే ఒక పెట్టెలో ఆగుతుంది, వారానికోసారి నేనే కళ్లతో చూస్తాను. ప్యాకెట్ మూడు రోజులకు పైగా హబ్ దగ్గర కూర్చుంటే ఆలస్యమవుతోందని ఒక్కసారి చెబుతాను, పదిహేను రోజులైతే ఇక చేరదని చెబుతాను. దీనికోసం హబ్ సిసాప్‌తో ముందే మాట్లాడుకోవాలి. ఏ నోడ్ ఎన్నాళ్లుగా కనెక్ట్ కాలేదో రోజుకోసారి ఒక చిన్న ఫైల్‌గా పంపమని అడగండి. మీ ముప్పై నోడ్లకు అది పెద్ద పనేం కాదు.

ఇక లూపులు. గేట్‌వే నడిపేవాళ్ల నిద్ర చెడగొట్టేది ఇదే.

మొదటి ఏడాది నా గేట్‌వే పంపే ఎర్రర్ ఉత్తరాలు గేట్‌వే సొంత అడ్రసు మీద, మామూలు ఈమెయిల్‌లాగే వెళ్లేవి. ఒకరోజు ఎవరో లేని పేరుకు రాశారు. నా రోబో అలాంటివాళ్లు లేరని జవాబిచ్చింది. ఆయన సెలవులో ఉన్నారు, ఆయన మెయిల్‌బాక్స్ ‘నేను వారం తర్వాత వస్తాను’ అని ఆటోమేటిక్‌గా జవాబిచ్చింది. అది రోబో అడ్రసుకు వచ్చింది. దాన్ని ఎవరికి ఇవ్వాలో రోబోకు తెలియక మళ్లీ ఎర్రర్ పంపింది. తెల్లారేసరికి వందల ఉత్తరాలు అటూ ఇటూ తిరిగాయి. ప్రతిదాని కాపీ నాకూ వచ్చేలా పెట్టుకున్నాను గనక నా మెయిల్‌బాక్స్ కూడా నిండింది. నిజంగా నాకు రాసినవాళ్ల ఉత్తరాలు ఆ గుంపులో కలిసిపోయి, కొన్నిటికి నేను జవాబే ఇవ్వలేదని చాలా రోజుల తర్వాత తెలిసింది. అది ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

తప్పు పూర్తిగా నాదే. బౌన్స్‌కు కవరు మీద, అంటే సర్వర్లు ఒకదానికొకటి చెప్పుకునే చోట, పంపినవారి అడ్రసు ఖాళీగా ఉండాలి. ఖాళీ అడ్రసుతో వచ్చినదానికి ఎవరూ జవాబు ఇవ్వకూడదు, మీరు కూడా. 2004 నాటి ఆర్‌ఎఫ్‌సీ 3834 చెప్పినట్టు రోబో పంపే ప్రతిదానికీ ఆటో-సబ్మిటెడ్ హెడర్ పెట్టండి. ఆ హెడర్‌లో ‘నో’ తప్ప ఇంకేదైనా ఉన్న ఉత్తరానికి మీ రోబో నోరు విప్పకూడదు. వీటన్నిటి మీదా ఒక గట్టి తాళం కూడా ఉండాలి. ఏ ఒక్క అడ్రసుకైనా రోజుకు ఒక్క ఎర్రర్ కన్నా ఎక్కువ వెళ్లకూడదు. తెలివైన నియమాలన్నీ తప్పినప్పుడు ఈ మొరటు నియమమే కాపాడుతుంది.

ఫిడో వైపు లూపు ఇంకోలా వస్తుంది. ఫలానా పేరుతో ఇక్కడ ఎవరూ లేరు అని ఒక నోడ్‌లోని రోబో మీ గేట్‌వేకు మామూలు నెట్‌మెయిల్ రాస్తుంది. అది బౌన్స్ అని తెలిపే స్థిరమైన గుర్తు ఏదీ ఉండదు, మామూలు వాక్యాలే. మీ స్క్రిప్ట్ అందులో గ్రహీత ఈమెయిల్ లైన్ కోసం వెతుకుతుంది, దొరకదు, అడ్రసు రాయలేదని జవాబిస్తుంది. ఆ జవాబు అవతలి రోబోకు వెళ్తుంది. ఇక చెప్పనక్కర్లేదు. గ్రహీత లైన్ లేని నెట్‌మెయిల్ రిజిస్టరైన సభ్యుడి నుంచి వస్తేనే రోబో జవాబివ్వాలి. మిగతావన్నీ మనిషి చూసే పెట్టెలో పడాలి.

ఇప్పుడు బయటికి వెళ్లే దారి. ఫిడో నెట్‌మెయిల్‌లో పంపినవారి పేరు, అడ్రసు ఎవరైనా ఏదైనా రాసుకోవచ్చు, ప్రమాణంలో పరీక్ష లేదు. అది గేట్‌వే దాటి బయటికి వెళ్లేటప్పుడు మీ డొమైన్ పేరుతో, మీ డీకిమ్ సంతకంతో వెళ్తుంది. ఆ సంతకం పెట్టడమంటే ఇది మా మనిషే అని మీరు పూచీ పడటం. కాబట్టి గేట్‌వేలోకి వచ్చే ప్రతి లింకుకూ సెషన్ పాస్‌వర్డ్ ఉండాలి, పాస్‌వర్డ్ లేని సెషన్లో వచ్చిన ప్యాకెట్ ఇంటర్నెట్‌కు వెళ్లకూడదు. ఇంకో మెట్టు కూడా పెట్టండి. ఆ నెట్‌మెయిల్ ఏ నోడ్ నుంచి వచ్చానంటోందో ఆ నోడ్ నిజంగా ఆ లింకు వెనకే ఉందా అని రూటింగ్ పట్టికతో పోల్చండి. తర్వాత సభ్యుడి పేరు పట్టికలో ఉందా చూడండి. రోజుకు ఇన్ని అని ఒక్కొక్కరికీ హద్దు పెట్టండి. యాభై చాలు. అంతకు మించి కావాల్సిన సభ్యుడు వచ్చి అడుగుతాడు, అప్పుడు మాట్లాడవచ్చు.

సభ్యుడు తనకున్న వేరే ఈమెయిల్ అడ్రసుతో ఉత్తరం వెళ్లాలని అడుగుతాడు, జీమెయిల్‌దో యాహూదో. మనసుకు కష్టమైనా కాదనండి. 2014 ఏప్రిల్‌లో యాహూ తన డీమార్క్ పాలసీని (తన పేరుతో వేరేచోట నుంచి వచ్చే మెయిల్‌ను ఏం చేయాలో చెప్పేది) రిజెక్ట్‌కు మార్చింది, మెయిలింగ్ లిస్టులు ఎన్నో కుదేలయ్యాయి. వేరేవాళ్ల డొమైన్ పేరు మీద మీ సర్వర్ నుంచి పంపితే చాలాచోట్ల నేరుగా చెత్తబుట్టలోకి పోతుంది. ఉత్తరం లోపలి అడ్రసు, కవరు మీది అడ్రసు రెండూ మీ డొమైన్ కింద సభ్యుడికిచ్చిన పేరే కావాలి. అప్పుడు బౌన్స్ వచ్చినా అతనికే చేరుతుంది. 2024 ఫిబ్రవరి నుంచి జీమెయిల్, యాహూ నియమాలు ఇంకా బిగించాయి. చిన్న గేట్‌వేకైనా ఎస్‌పీఎఫ్, డీకిమ్ రెండూ పెట్టేయండి, సర్వర్ ఐపీ అడ్రసుకు పీటీఆర్ రికార్డు (ఐపీ నుంచి పేరు చెప్పేది) ఉండాలి, ఆ పేరు తిరిగి అదే ఐపీకి రావాలి. ఇంట్లోని కనెక్షన్ మీద నడుపుతుంటే ఇది కుదరడం కష్టం, 25వ పోర్టు కూడా చాలాచోట్ల మూసేసి ఉంటుంది. అలాంటప్పుడు బయటికి వెళ్లే మెయిల్‌ను ఒక నమ్మకమైన రిలే సర్వీసు ద్వారా పంపండి. అందులో చిన్నతనమేమీ లేదు.

పాత ఉత్తరాలు మళ్లీ బయటికి వెళ్లడం ఇంకో ప్రమాదం. ఒక సిసాప్ డిస్క్ పోయి బ్యాకప్ నుంచి తెచ్చుకుంటాడు, ఎప్పుడో పంపేసిన ప్యాకెట్లు మళ్లీ బయల్దేరతాయి. అందరూ చదివే చర్చలైన ఎకోమెయిల్‌లో అయితే టాసర్లు నకళ్లను పట్టుకుంటాయి, నెట్‌మెయిల్‌లో పట్టుకునేది మీరే. ఉత్తరానికి గుర్తింపు ఇచ్చే ఎమ్ఎస్‌జీఐడీ లైన్‌లో పంపిన అడ్రసు, ఎనిమిది అంకెల హెక్స్ సంఖ్య ఉంటాయి. అదే సంఖ్య మూడేళ్లలోపు మళ్లీ రాకూడదని ప్రమాణం. ఈమెయిల్ మెసేజ్-ఐడీని దాని నుంచే తయారు చేయండి, వెళ్లినవాటి పట్టిక దాచుకోండి. ఇంకో లాభం కూడా ఉంది. బయటినుంచి జవాబు వచ్చినప్పుడు ఆ పట్టిక చూసి రిప్లై లైన్ సరిగ్గా నింపవచ్చు, సంభాషణ తెగదు.

జవాబులు రావడం లేదని కూడా రాశారు. ఫిడో వైపు పంపినవారి పేరుకు ఇచ్చిన చోటు 36 బైట్లు, చివరి సున్నా పోగా 35. మీ స్క్రిప్ట్ అందులో పూర్తి ఈమెయిల్ అడ్రసు కుక్కుతోంది. పొడుగు అడ్రసు మధ్యలో తెగిపోతోంది, సభ్యుడు దానికి జవాబు రాస్తే ఎక్కడికీ పోదు. ఆ చోట్లో మనిషి పేరు మాత్రం పెట్టండి. అసలు అడ్రసును ఫిడోనెట్ పత్రం ఎఫ్ఎస్‌సీ-0035లో చెప్పిన రిప్లైఅడ్రస్ లైన్‌లోనూ, జవాబు ఏ నోడ్‌లోని ఏ పేరుకు వెళ్లాలో రిప్లైటు లైన్‌లోనూ రాయండి. గోల్డెడ్ లాంటి ఎడిటర్లు ఇవి చదివి జవాబులో గ్రహీత లైన్ వాటంతట అవే నింపుతాయి. చదవని ఎడిటర్లు వాడేవాళ్ల కోసం ఉత్తరం మొదట్లో కూడా ఆ అడ్రసు కనబడేలా ఒక లైన్ పెట్టండి. దాన్ని చూసి రాసుకుంటారు.

అక్షరాల విషయంలో కొంచెం ఎక్కువసేపు ఆగుతాను, తెలుగులో రాసుకునే సభ్యులుంటే ఇది మీకు తప్పక తగులుతుంది. ఫిడోనెట్ మొదటి ప్రమాణం ఎఫ్‌టీఎస్-0001లో సాఫ్ట్ రిటర్న్ అని ఒక బైట్ ఉంది, హెక్స్‌లో 8డి. అది కనబడితే పట్టించుకోవద్దని చెప్పారు, చాలా ప్రోగ్రాములు దాన్ని తీసిపారేస్తాయి. రష్యన్ల పాత అక్షరాల కోడ్ సీపీ866లో పెద్ద ఎన్ అక్షరం అదే బైట్. అందుకని వాళ్లు దాని బదులు ఇంగ్లిష్ హెచ్ కొట్టేవాళ్లు, చూడటానికి రెండూ ఒకటే గనక సరిపోయింది. మనకు ఆ వెసులుబాటు లేదు. యూటీఎఫ్-8లో తెలుగు పొల్లు మూడు బైట్లు, అందులో చివరిది సరిగ్గా ఈ 8డి. పొల్లు లేకుండా తెలుగులో ఒత్తు ఉండదు. ‘అమ్మ’ అని రాసి పంపితే, దారిలో ఒక్క టాసర్ ఆ బైట్ తీసేసినా, మధ్యలో చెత్త గుర్తుతో రెండు ముక్కలై చేరుతుంది. మొదటిసారి ఇది చూసినప్పుడు నా స్క్రిప్ట్‌లోనే తప్పు ఉందనుకుని వారం రోజులు దాన్నే తిరగేశాను. నిజానికి తీసేసింది మధ్యలోని ఒక నోడ్.

మీ గేట్‌వే, అక్షరాల కోడ్ ఏదో చెప్పే సీహెచ్ఆర్ఎస్ లైన్ చూసి, అందులో యూటీఎఫ్-8 అని ఉంటే 8డిని ముట్టుకోకూడదు. ఇంటర్నెట్ నుంచి లోపలికి తెచ్చేటప్పుడు ఆ లైన్ మీరే పెట్టాలి. దారిలోని నోడ్లను ఒక్కొక్కటిగా పరీక్షించండి. అమ్మ, అక్క, చెట్టు అని ఒత్తులున్న నాలుగు మాటలు రాసి ఒక్కో నోడ్‌కు పంపి, అక్కడ చేరినదాన్ని బైట్లు బైట్లుగా చూడమనండి. ఎవరి దగ్గర పోతోందో ఒక్క సాయంత్రంలో తేలిపోతుంది. సబ్జెక్ట్‌కు ఉన్న చోటు 72 బైట్లు, చివరి సున్నా పోగా 71, అంటే తెలుగులో 23 గుర్తులు. గుణింతాలు, పొల్లులు కూడా ఒక్కోటి మూడు బైట్లే తింటాయని గుర్తుంచుకోండి. కోయాల్సి వస్తే గుర్తు మధ్యలో కోయకండి, పూర్తి సబ్జెక్ట్‌ను ఉత్తరం మొదట్లో రాయండి.

హెచ్‌టీఎమ్ఎల్ ఉత్తరాల్లో మామూలు అక్షరాల భాగం విడిగా ఉంటే అదే తీసుకోండి, లేకపోతే మార్చండి. అటాచ్‌మెంట్ తీసేస్తే తీసేశామని, దాని పేరు, సైజు రాయండి. తేదీలో ఫిడో పద్ధతి సంవత్సరానికి రెండంకెలే వాడుతుంది, టైమ్‌జోన్ ఉండదు. టీజెడ్‌యూటీసీ లైన్ పెట్టండి, లేకపోతే జవాబు ప్రశ్న కన్నా ముందు రాసినట్టు కనిపిస్తుంది. ఇంటర్నెట్ నుంచి వచ్చే అక్షరాల్లో ఆస్కీ 1 బైట్ ఉంటే తీసేయండి, ఫిడోలో క్లడ్జ్ లైన్లు (ప్రోగ్రాములు మాత్రమే చదివే లైన్లు) దానితోనే మొదలవుతాయి గనక బయటివాళ్లు దొంగ లైన్లు చొప్పించవచ్చు. ఇంటర్నెట్ వైపు వెళ్లేవాటిలో పేరు, సబ్జెక్ట్ గడుల్లో కొత్త లైన్ బైట్లు ఉంటే తీసేయండి. లేకపోతే ఎవరో ఒకరు సబ్జెక్ట్‌లో ఇంకో గ్రహీతల హెడర్ దూర్చి, మీ గేట్‌వే మీదుగా స్పామ్ పంపుతారు.

సభ్యులకు మొదటి రోజే చెప్పాల్సిన మాట ఒకటుంది, దీన్ని రిజిస్ట్రేషన్ జవాబులోనే పెట్టండి. నెట్‌మెయిల్ దారిలో ప్రతి హబ్ దగ్గరా మామూలు అక్షరాలుగా ఆగుతుంది. దారిలో వెళ్లే నెట్‌మెయిల్‌ను మధ్యలోని సిసాప్ బయటపెట్టకూడదని 1989 నాటి ఫిడోనెట్ పాలసీ 4లో ఉంది, మంచి సిసాప్‌లు దాన్ని పాటించారు, ఇప్పటికీ పాటిస్తున్నారు. అయినా చదవడం సాధ్యమేనన్నది సభ్యుడికి తెలియాలి. ఈ అడ్రసుతో బ్యాంకు ఖాతాలు, వేరే వెబ్‌సైట్ల ఖాతాలు తెరవొద్దని స్పష్టంగా రాయండి. పాస్‌వర్డ్ మార్చుకునే లింకు ఐదు చేతులు మారి, మూడు రోజులు ఆలస్యంగా రావడం ఎవరికీ మంచిది కాదు. మీ లాగ్‌లలో ఎవరి నుంచి ఎవరికి, ఎప్పుడు, ఏ ఐడీ అన్నంతవరకే ఉంచండి. లోపలి విషయం ఉంచకండి. నెల దాటినవి తుడిచేయండి. పోస్ట్‌మాస్టర్, అబ్యూజ్ అడ్రసులకు వచ్చేవి రోబోకు కాక మీకే రావాలి, రోజూ చూడాలి.

సాఫ్ట్‌వేర్ గురించి అడగలేదు గానీ చెబుతాను. 1980లలో టిమ్ పొజార్, గ్యారీ ప్యాక్సినోస్, జాన్ గాల్విన్ రాసిన యూఎఫ్‌గేట్ డాస్ మెషీన్ మీద నడుస్తూ యూయూసీపీ అనే పాత యూనిక్స్ మెయిల్ పద్ధతితో మాట్లాడేది. దాని తర్వాత యూనిక్స్ కోసం ఫిడోగేట్, ఐఎఫ్‌మెయిల్ వచ్చాయి. మీ స్క్రిప్ట్ మీదే ఉంచుకోండి, కానీ ఫిడోగేట్ సోర్స్ ఒకసారి చదవండి, అడ్రసులు, ఐడీలు మార్చే చోట్లు ముఖ్యంగా. నాకు తట్టని సందర్భాలు అందులో చాలా కనబడ్డాయి.

చివరగా, తెరవకముందే మూసే రోజు గురించి కూడా అనుకోండి. ఒకరోజు మీకు ఓపిక లేక గేట్‌వే ఆపేస్తారు. డొమైన్‌ను మాత్రం వెంటనే వదిలేయకండి. గడువు తీరాక ఇంకెవరో కొనుక్కుంటే, మీ సభ్యుల పేర్లకు వచ్చే ఉత్తరాలన్నీ వాళ్ల చేతికి వెళ్తాయి. కనీసం రెండేళ్లు డొమైన్ కట్టుకుంటూ, వచ్చే ప్రతి ఉత్తరానికీ ఈ అడ్రసు ఇప్పుడు లేదని 550 చెప్పే చిన్న సర్వర్ ఒకటి నడపండి. ఆ ఖర్చును ఇప్పుడే లెక్కలో వేసుకోండి. మీ టాసర్ పేరు, అది ఎంత సైజు వరకు మోస్తుందో రాస్తే హద్దులు ఎంత పెట్టాలో చెబుతాను.